పాత గార్డెన్ ట్రాక్టర్ కదలనంటే: బెల్టు మార్చాలా, క్లచ్ విప్పాలా, వదిలేయాలా?

ఇంజను చక్కగా తిరుగుతూ ఉంటుంది. గేరు కూడా పడుతుంది. పెడల్ మీద నుంచి కాలు తీస్తే ట్రాక్టరు జానెడు ముందుకు జరిగి ఆగిపోతుంది. లేదంటే చదును మీద బుద్ధిగా నడిచి, చిన్న మిట్ట ఎదురయ్యేసరికి రబ్బరు కాలిన వాసనతో మొరాయిస్తుంది. అమెరికాలో ఎకరం, రెండెకరాల స్థలంతో పాత ఇల్లు కొన్న తెలుగు కుటుంబాల్లో కొందరికి ఇలాంటి బండి ఇంటితోపాటే వస్తుంది. పాత యజమాని షెడ్డులో వదిలేసి వెళ్లిన క్రాఫ్ట్స్‌మనో, వీల్ హార్సో, పసుపు, తెలుపు రంగుల కబ్ క్యాడెట్టో. గడ్డి కోయడానికి, పెరట్లో గోంగూర, బెండ మళ్లు దున్నడానికి ఇప్పటికీ బాగా పనికొచ్చే యంత్రాలివి. కొత్తవాటిలో కంటే ఇనుము ఎక్కువ, ప్లాస్టిక్కు తక్కువ.

బండి ఆగగానే అందరికీ తట్టేది ఒకటే: బెల్టు పోయింది, కొత్తది తెప్పిద్దాం. అది కంటికి కనిపిస్తుంది, ధర తక్కువ, కాబట్టి నింద దాని మీదికే పోతుంది. కానీ బెల్టు అరిగిందంటే దాన్ని అరగదీసినది పక్కనే ఎక్కడో ఉంటుంది. పట్టేసిన పుల్లీ, వదులైన ఇరుసు, వంగిన కమ్మీ, సాగిన స్ప్రింగు, ఇలా ఏదో ఒకటి. దాన్ని చూడకుండా కొత్త బెల్టు వేస్తే అదీ అదే దారి పడుతుంది. అందుకే ఇక్కడ ఏ భాగం కొనాలన్నది చివరికి వస్తుంది, తప్పు ఎక్కడుందన్నది ముందు వస్తుంది.

## ఎంపికకు ముందు తూచవలసినవి

డబ్బు ఒక్కటే కొలమానం కాదు. నా లెక్కలో నాలుగు ప్రశ్నలున్నాయి, వాటికి వరుస కూడా ఉంది.

ఇంజను శక్తి ఎంతవరకు వెళ్లి ఎక్కడ ఆగిపోతోంది? ఇది తేలకుండా మిగతావి అడగడం వృథా. ఆ భాగాన్ని అందుకోవాలంటే ఎంత విప్పాలి? కొన్ని బండ్లలో బెల్టు మార్చడం అరగంట పని, మరికొన్నింటిలో కోత డెక్కు దించి, ట్రాక్టరు కింద పడుకుని, సగం రోజు కుస్తీ పట్టాలి. ఆ భాగం ఇప్పటికీ దొరుకుతుందా? ఇక చివరిది, బండితో మీరు చేయించుకునే పని ఏమిటి? చదునైన పచ్చికలో గడ్డి కోయడానికి చాలినంత పట్టు, వాలు మీద మట్టి బండి లాగడానికో, మంచు తోయడానికో చాలదు.

## మీ బండిలో క్లచ్ అంటే ఏమిటి?

ఊళ్లో మహీంద్రానో, మాస్సీ ఫెర్గూసనో నడిపినవారికి క్లచ్ అనగానే ప్లేటు గుర్తొస్తుంది. గార్డెన్ ట్రాక్టర్లలో చాలావాటికి ప్లేటే ఉండదు. అందువల్ల ముందుగా మీది ఈ నాలుగింటిలో ఏదో చూసుకోండి.

బెల్టే క్లచ్ అయినవి. వీల్ హార్స్ సి-సిరీస్, సియర్స్ అమ్మిన గేరు క్రాఫ్ట్స్‌మన్లలో ఎక్కువ భాగం ఈ కోవలోవే. ఇంజను పుల్లీ నుంచి వెనక గేరుపెట్టె పుల్లీకి ఒక వి-బెల్టు వెళ్తుంది. మధ్యలో ఐడ్లర్ అనే చిన్న పుల్లీ స్ప్రింగు బలంతో బెల్టును నొక్కి పట్టుకుంటుంది. పెడల్ తొక్కితే ఐడ్లర్ పక్కకు జరిగి బెల్టు వదులవుతుంది, బండి ఆగుతుంది. అంతే క్లచ్. ఇక్కడ మన హాఫ్ క్లచ్ అలవాటు బెల్టుకు చేటు. పెడల్ సగం తొక్కి మెల్లగా పాకించిన ప్రతిసారీ బెల్టు పుల్లీ మీద రాసుకుని కాలుతుంది. మెల్లగా వెళ్లాలంటే చిన్న గేరు వేయాలి, కాలు పూర్తిగా తీసేయాలి.

రెండు బెల్టుల వేరియేటర్ రకం. జాన్ డీర్ 110, 112 మోడళ్లలో చాలావాటిలో, ఎం.టి.డి. అనే అమెరికన్ కంపెనీ తయారుచేసిన అనేక రైడింగ్ మోవర్లలో ఇది ఉంటుంది. మధ్యలో ఉన్న జంట పుల్లీలో నడిమి బిళ్ల అటూ ఇటూ జరుగుతూ వేగాన్ని మారుస్తుంది.

బెల్టుతో నడిచే హైడ్రోస్టాటిక్. బెల్టు హైడ్రాలిక్ పంపును తిప్పుతుంది, పంపులోని ఆయిలు ఒత్తిడి చక్రాలను తిప్పుతుంది. పట్టు తగ్గితే తప్పు బెల్టుదీ కావచ్చు, ఆయిలుదీ కావచ్చు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

షాఫ్టు, డిస్కు క్లచ్. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1961లో మొదలుపెట్టిన కబ్ క్యాడెట్ గేరు బండ్లు వీటికి పేరుపడ్డ ఉదాహరణ. 1981లో ఆ విభాగం ఎం.టి.డి. చేతికి వెళ్లింది. వీటిలో చక్రాలను నడిపే బెల్టే లేదు. ఇంజను వెనక నుంచి గేరుపెట్టె దాకా ఒక షాఫ్టు, దాని ముందు కొసన రెండు ఇనుప ప్లేట్ల నడుమ ఒక పొడి డిస్కు. మీకు అలవాటైన క్లచ్‌కు దగ్గరగా ఉండేది ఇదే. ఇలాంటి బండికి డ్రైవ్ బెల్టు కోసం వెతుకుతున్నారంటే మీరు కోత డెక్కు బెల్టును చూసి తికమక పడుతున్నారన్నమాట.

కోత డెక్కును తిప్పే క్లచ్ వేరే సంగతి. కొన్నింటిలో అది చేతి లీవరుతో బిగిసే బెల్టు, కొన్నింటిలో ఇంజను పుల్లీకి తగిలించిన విద్యుత్ క్లచ్. బండి నడుస్తోంది కానీ బ్లేడ్లు తిరగడం లేదంటే చూడవలసింది అక్కడే.

## విప్పే ముందు చేసే పరీక్షలు

తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. ప్లగ్గు వైరు ఊడదీసి, తిరిగి ప్లగ్గును తాకకుండా పక్కకు కట్టేయండి. ఇంజను చల్లబడనివ్వండి. బండి లేపితే జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండు పెట్టండి.

మొదటిది తోసి చూడడం. పార్కింగ్ బ్రేకు తీసి, పెడల్ వదిలేసి, గేరు వేసి బండిని తోయండి. చక్రాలు గట్టిగా ఎదురు నిలిచి, తోసేకొద్దీ ఇంజను కూడా బరువుగా తిరిగితే శక్తి దారి బాగానే ఉంది. చక్రాలు తిరుగుతూ బెల్టు పుల్లీ మీద జారుతుంటే బిగింపు చాలడం లేదు. చక్రాలు హాయిగా దొర్లిపోతూ, గేరుపెట్టె పుల్లీ కదలనే కదలకపోతే కొత్త బెల్టు వేసినా లాభం లేదు, తప్పు బెల్టుకు అవతల ఉంది. ఇరుసు కొసలు చూడండి. చక్రం హబ్బును ఇరుసుకు పట్టి ఉంచే వేలెడు ఇనుప ముక్క ఉంటుంది, దాన్నే మెకానిక్కులు కీ అంటారు. అది తెగితే ఇరుసు లోపల తిరుగుతూ చక్రం నిలబడిపోతుంది. ఒక్క పక్క తెగినా డిఫరెన్షియల్ ఉన్న బండి మొత్తం ఆగిపోతుంది, ఎందుకంటే శక్తంతా ఎదురులేని వైపుకే పోతుంది. కొన్ని డాలర్ల ముక్క కోసం గేరుపెట్టె పోయిందని బండిని పాతసామానుకు అమ్మేసేవాళ్లున్నారు.

రెండోది పెడల్ తిరిగి పైకి రావడం. చాలా బండ్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఒకటే పెడల్. బ్రేకు కడ్డీని అతిగా బిగిస్తే పెడల్ చివరిదాకా పైకి రాదు, దాంతో ఐడ్లర్ బెల్టును పూర్తిగా నొక్కలేదు. బెల్టు జారుతోందని బెల్టును తిడతాం, తప్పేమో బ్రేకు నట్టుది. బ్రేకు కొంచెం వదులు చేసి చూస్తే తేలిపోతుంది, అయితే ఆ తర్వాత బ్రేకు సరిగా పడుతోందో లేదో చూసుకోకుండా వాలు ఎక్కవద్దు.

మూడోది ఐడ్లర్. బెల్టు పక్కకు తీసి పుల్లీని వేలితో గిర్రున తిప్పండి. మంచి బేరింగు లోపలి గ్రీజు వల్ల కొద్దిగా బరువుగా, చప్పుడు లేకుండా తిరిగి ఆగుతుంది. గ్రీజు ఎండిపోయినది గలగలమంటూ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఎక్కువసేపు తిరిగింది కదా బాగుందని మురిసిపోకండి, అది పోయిందనడానికి గుర్తు. తర్వాత పుల్లీ అంచు పట్టుకుని అటూ ఇటూ ఊపండి. ఆ తర్వాత ఐడ్లర్‌ను మోసే కమ్మీని దాని బోల్టు దగ్గర ఊపండి. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరిగితే పుల్లీ వాలిపోతుంది, బెల్టు ఒక అంచున చిరుగుతుంది, కొన్నిసార్లు బోర్లా పడుతుంది.

నాలుగోది బెల్టు గాడిలో కూర్చున్న తీరు. వి-బెల్టు పట్టు దాని పక్కలలో ఉంటుంది, అడుగున కాదు. బెల్టు పైభాగం పుల్లీ అంచుతో సమంగానో, కాస్త పైకో ఉండాలి. లోపలికి కూరుకుపోయి, గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే బెల్టు అడుగున తాకుతోంది. ఎంత బిగించినా జారుతుంది. అది బెల్టు అరుగుదలా, పుల్లీ అరుగుదలా అన్నది కొత్త బెల్టు ముక్కను గాడిలో పెట్టి చూస్తే తెలుస్తుంది. కొత్తదీ కూరుకుపోతే పుల్లీ మార్చాలి.

హైడ్రోస్టాటిక్ బండికి మరో పరీక్ష ఉంది, దానికి ఇద్దరు కావాలి. బ్లేడ్లు ఆపేసి, ఒకరు సీటు మీద కూర్చుని వాలు ఎక్కించాలి. మరొకరు పక్కన, నాలుగైదు అడుగుల దూరంలో, ఎప్పుడూ వాలుకు కింది వైపున కాకుండా నడుస్తూ పంపు పుల్లీని చూడాలి. బండి ఆగినప్పుడు పుల్లీ కూడా నెమ్మదించిందా, బెల్టు జారుతోంది. పుల్లీ పూర్తి వేగంతో తిరుగుతూనే బండి ఆగిందా, బెల్టుకు దాంతో సంబంధం లేదు. సీటు స్విచ్‌కు వైరు చుట్టి ఒక్కరే చూద్దామనుకోవద్దు. ఈ పరీక్షకు ముందే వెనక ఉన్న ఫ్రీవీల్ లీవరు సగం లాగి ఉందేమో చూడండి. బండిని తోసుకుపోవడానికి దాన్ని లాగి, మళ్లీ లోపలికి నెట్టడం మరిచిపోవడం సర్వసాధారణం.

| కనిపించే లక్షణం | ముందు చూడవలసినది | ఎక్కువగా తేలేది |
|---|---|---|
| మిట్ట ఎక్కలేదు, రబ్బరు వాసన | పెడల్ పూర్తిగా పైకి వస్తోందా, స్ప్రింగు | బిగింపు చాలదు, లేదా బెల్టు గాడి అడుగున తాకుతోంది |
| పెడల్ తొక్కినా బండి పాకుతోంది, గేరు కరకరమంటోంది | బెల్టు పక్కనున్న కమ్మీలు | కమ్మీ వంగింది, లేదా బెల్టు రకం తప్పు |
| బెల్టు తరచూ ఊడుతోంది, బోర్లా పడుతోంది | ఐడ్లర్ కమ్మీ ఊపు, పుల్లీల వరుస | అరిగిన బోల్టు రంధ్రం |
| చల్లగా ఉన్నప్పుడు బాగా, వేడెక్కాక నీరసం (హైడ్రో) | పంపు పుల్లీ వేగం, ఫ్యాను, ఆయిలు మట్టం | పంపు అరుగుదల, పలచబడ్డ ఆయిలు |
| ఇంజను తిరుగుతోంది, ఏ గేరులోనూ కదలదు | హబ్బుల్లోని కీ ముక్కలు, ఫ్రీవీల్ లీవరు, బెల్టు | తెగిన కీ లేదా తెగిన బెల్టు |
| చలికాలం తర్వాత క్లచ్ విడవదు (డిస్కు రకం) | తుప్పుతో అతుక్కున్న డిస్కు | శుభ్రం చేస్తే సరిపోవచ్చు |

రెండో వరుసలోని కమ్మీల గురించి ఒక మాట. బెల్టు వదులైనప్పుడు అది ఇంజను పుల్లీని వదిలి బయటికి ఉబ్బాలి. దాన్ని ఆ ఆకారంలో నిలిపేవి ఈ కమ్మీలు. బెల్టు బిగిసి ఉన్నప్పుడు వాటికీ బెల్టుకూ మధ్య సుమారు 1/8 అంగుళం సందు ఉండాలి. ఎవరో విప్పి, తిరిగి బిగించేటప్పుడు పనికిరావని పక్కన పడేస్తే, పెడల్ తొక్కినా బెల్టు పుల్లీని పట్టుకునే ఉంటుంది. చూసినవాళ్లు క్లచ్ పోయిందంటారు.

## ఏ మరమ్మతు ఎవరికి

### శుభ్రం చేసి సర్దడం

ఖర్చు దాదాపు లేదు. పుల్లీ గాడుల్లో తుప్పు పట్టి ఉంటే గరుకు కాగితంతో పక్కలను నునుపు చేయండి. ఐడ్లర్ కమ్మీ బోల్టు దగ్గర మట్టి తుడిచి గ్రీజు పెట్టండి. బ్రేకు కడ్డీ, కమ్మీలు సరిచేయండి. ఇంజను ఆయిలు కారి బెల్టు మీద పడుతుంటే ముందు ఆ కారుడు ఆపాలి. ఆయిలు తాగిన బెల్టును కడిగినా దానికి పాత పట్టు రాదు.

నిరుడు బాగా నడిచి, చలికాలం మూలన పడి ఉండి, ఇప్పుడు మొరాయిస్తున్న బండికి ఇక్కడితోనే పని అయిపోవచ్చు. బెల్టులో దారాలు బయటపడి ఉంటే మాత్రం ఇది కాలయాపన. బెల్టు మీద చల్లే జిగురు స్ప్రేలు నాకు నచ్చవు. ఫ్యానులాంటి చోట ఏమో కానీ, పెడల్ తొక్కగానే వదలవలసిన బెల్టుకు జిగురు పూయడమంటే ఒక తప్పు కప్పిపుచ్చి ఇంకోటి తెచ్చుకోవడమే.

### ఐడ్లర్, స్ప్రింగు, బోల్టు

బెల్టు ఒక అంచున మాత్రమే చిరిగి ఉన్నా, ఏడాది తిరగకముందే రెండోసారి బెల్టు కొంటున్నా ఎంచుకోవలసింది ఇదే. పుల్లీ ధర సాధారణంగా బెల్టు ధరను మించదు. స్ప్రింగు ఇంకా తక్కువ. కష్టమల్లా స్ప్రింగు తీయడంలో ఉంది. అది చాలా బలమైనది, జారితే ముఖానికే వస్తుంది. రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, స్ప్రింగు లాగే కొక్కెంతోనే తీయండి, స్క్రూడ్రైవరుతో ఎత్తవద్దు. రేకు పుల్లీలకు బేరింగు నొక్కి బిగించి ఉంటుంది, దాన్ని తీసి మార్చే ప్రయాస కంటే పుల్లీ మొత్తం మార్చడం మేలు. పాతది ఏ వైపు ఎత్తుగా ఉందో, వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో విప్పకముందే ఫోనులో ఫొటో తీసుకోండి. ఒక వాషరు తారుమారైతే పుల్లీల వరుస తప్పుతుంది.

### బెల్టు మార్చాలని తేలితే

ఇక్కడే ఎంపిక చిక్కుగా ఉంటుంది, కాస్త నిలిచి చూద్దాం. గార్డెన్ ట్రాక్టరు బెల్టుకు మామూలు బెల్టుకు లేని ఒక లక్షణం కావాలి: పట్టాలి, అడిగినప్పుడు వదలాలి కూడా. అందుకే అసలు బెల్టులకు బయట గుడ్డ పొర చుట్టి ఉంటుంది. ఆ గుడ్డ పుల్లీ మీద మెల్లగా పట్టు అందుకుంటుంది, వదలమన్నప్పుడు జారుతుంది. కార్లకు, పెద్ద ఫ్యాన్లకు వాడే రకాలకు పక్కలు కోసి వదిలేసిన రబ్బరు ఉంటుంది. అది గభాలున పట్టేస్తుంది, పెడల్ తొక్కినా వదలదు. అర అంగుళం వెడల్పు, అదే పొడవు కదా అని కార్ల విడిభాగాల దుకాణంలో తెచ్చి వేస్తే బండి ఎగిరెగిరి బయలుదేరడం అందుకే.

| బెల్టు రకం | పట్టు, విడుపు | సాగుదల | ఎవరికి |
|---|---|---|---|
| కంపెనీ అసలు బెల్టు | బాగుంటాయి | తక్కువ | వేరియేటర్ బండ్లు, కొలత మీద అనుమానం ఉన్నవారు |
| అరామిడ్ దారాల, గుడ్డ చుట్టిన బదులు బెల్టు | బాగుంటాయి | చాలా తక్కువ | ఒకే బెల్టు గేరు బండ్లు, బరువు లాగేవారు |
| 4ఎల్, 5ఎల్ తేలికరకం బెల్టు | పట్టు మధ్యస్థం | ఎక్కువ | తాత్కాలికంగా, తేలిక పనికి |
| కోసిన పక్కల, పళ్ల బెల్టు | గభాలున పట్టు, విడుపు లేదు | తక్కువ | క్లచ్ పని చేసే చోట ఎవరికీ వద్దు |
| లింకులు కలిపిన బెల్టు | నమ్మకం లేదు | మారుతుంది | నేనైతే వేయను |

కెవ్లార్ పేరుతో అమ్మేవి అరామిడ్ దారాల బెల్టులే. లోపలి దారాలు సాగవు, ఒక్కసారిగా వచ్చే కుదుపును తట్టుకుంటాయి. కానీ వాటిని మడిచి, మెలితిప్పి సంచిలో కుక్కితే లోపల దారం దెబ్బతింటుంది, బయటికి ఏమీ కనిపించదు. పుల్లీ అంచు మీదుగా స్క్రూడ్రైవరు పెట్టి తోసి ఎక్కించడం కూడా అంతే హాని. ఐడ్లర్ వదులు చేసి, చేత్తోనే వేయాలి.

కొలతల దగ్గర చాలామంది ఇరుక్కుపోతారు. 4ఎల్860 అంటే అర అంగుళం వెడల్పు, 86 అంగుళాల బయటి చుట్టుకొలత. 5ఎల్ అయితే 5/8 అంగుళం వెడల్పు. అదే ఏ84 అని రాసి ఉంటే 84 లోపలి కొలతకు దగ్గర, బయటి కొలత దాదాపు 86. అంటే 84 అని చూసి 4ఎల్840 తెస్తే రెండు అంగుళాలు పొట్టిదవుతుంది. పాత బెల్టును టేపుతో కొలిచి దాని ప్రకారం కొనడమూ సరికాదు, అది ఎంత సాగిందో మనకు తెలియదు. సీటు కింద ఉండే చిన్న పట్టీ మీద మోడల్ నంబరు చూడండి. సియర్స్ బండ్లలో అది చాలాసార్లు 917తో మొదలవుతుంది. ఆ నంబరుతో విడిభాగాల జాబితా తెరిస్తే బెల్టు నంబరు, అది వెళ్లే దారి బొమ్మ రెండూ దొరుకుతాయి.

వేరియేటర్ బండి ఉన్నవారికి ఇక్కడ బేరాలు పనికిరావు. రెండు బెల్టుల్లో ఒకటి అర అంగుళం తేడా వచ్చినా నడిమి బిళ్ల ఉండవలసిన చోట ఉండదు. అప్పుడు మొదటి గేరులో పరుగెత్తడమో, పై వేగం అందకపోవడమో జరుగుతుంది. రెండూ ఒకేసారి మార్చండి, కంపెనీవే వేయండి. మార్చేటప్పుడు నడిమి బిళ్ల తన గొట్టం మీద చేత్తో జరుపుతే సులువుగా జరగాలి. తుప్పుతో పట్టేసి ఉంటే కొత్త బెల్టులు దాన్ని కదపలేవు.

శ్రమ సంగతి బండిని బట్టి ఉంటుంది. వీల్ హార్స్‌లో బెల్టు పక్కనే మూత కింద ఉంటుంది, మూత తీస్తే కళ్లముందే. క్రాఫ్ట్స్‌మన్ రకాల్లో డెక్కు దించాలి, అడుగున పడుకుని బెల్టును కమ్మీలు, ఫ్యాను, లీవర్ల సందుల్లోంచి లాగాలి. అంత శ్రమ ఎలాగూ పడుతున్నప్పుడు ఐడ్లర్లు కూడా అదే రోజు మార్చేయడం నా సలహా.

### డిస్కు క్లచ్ విప్పడం

కబ్ క్యాడెట్ పాత బండ్లకు మాత్రమే ఈ ప్రశ్న. ముందు పెడల్ ఆట, అంటే తొక్కగానే క్లచ్ కదలకముందు ఉండే ఖాళీ కదలిక, చూడండి. పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించే బేరింగుకూ దాన్ని నెట్టే లీవరుకూ మధ్య పాత మాన్యువళ్లు 0.050 అంగుళం సందు చెబుతాయి. సందు లేకపోతే బేరింగు ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది, క్లచ్ జారుతుంది, బేరింగు కూడా అరిగిపోతుంది. ఒక నట్టు తిప్పితే సరయ్యే జబ్బు ఇది.

దానితో కుదరకపోతే షాఫ్టు బయటికి తీయాలి. షాఫ్టుకు అడ్డంగా కొట్టిన చుట్ట పిన్నులు ఏళ్ల తుప్పుతో బిగిసి ఉంటాయి. సరైన సైజు పంచి, బరువైన సుత్తి, షాఫ్టు కింద గట్టి ఆనుడు లేకుండా మొదలుపెడితే పిన్ను తల పుట్టగొడుగులా విరుచుకుని మరింత బిగుస్తుంది. విప్పాక డిస్కు ఒక్కటే మార్చి మూసేయవద్దు. పిన్ను రంధ్రాలు సాగాయేమో, ప్లేట్లు గాట్లు పడ్డాయేమో, స్ప్రింగు పొట్టిదైందేమో అన్నీ ఒకేసారి చూడాలి. ఇది ఓపిక ఉన్నవారి పని, కానీ ఒకసారి సరిగా చేస్తే ఏళ్ల తరబడి మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. బరువు లాగడంలో బెల్టు బండ్లకంటే ఇది ముందుంటుంది. పాతదే అయినా నేను డబ్బు పెట్టడానికి వెనుకాడని బండి ఇదొక్కటే.

### బ్లేడ్ల విద్యుత్ క్లచ్

వార్నర్‌లాంటి కంపెనీల విద్యుత్ క్లచ్ కొత్తది కొంటే బెల్టుకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. అందుకని ముందు అది నిజంగా పోయిందో లేదో చూడాలి. స్విచ్ వేసినప్పుడు దాని వైరుకు 12 వోల్టులు అందుతున్నాయా? కాయిల్ నిరోధం చాలా రకాల్లో రెండు నుంచి నాలుగు ఓముల మధ్య ఉంటుంది. మీటరు అనంతం చూపితే కాయిల్ తెగినట్టే. రెండూ బాగుండి, చల్లగా ఉన్నప్పుడు పట్టి వేడెక్కాక వదిలేస్తుంటే, లైనింగు అరిగి గాలిసందు పెరిగిందని అనుమానించాలి. సర్దుబాటు నట్లు ఉన్న రకమైతే మూడు చోట్ల ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకు) పెట్టి, నట్లను కొద్దికొద్దిగా బిగిస్తూ సందును సమం చేయవచ్చు. చాలా మోడళ్లకు అది 0.012 నుంచి 0.018 అంగుళం మధ్య ఉంటుంది, మీ మాన్యువల్లో ఉన్నదే ఖాయం. కొత్త క్లచ్ కొనడానికి బయలుదేరిన కొందరికి ఈ మూడు నట్లే సరిపోతాయి.

### పంపు, గేరుపెట్టె, లేదా వదిలేయడం

పంపు పుల్లీ పూర్తి వేగంతో తిరుగుతూ బండి వేడెక్కాక చచ్చుబడుతుంటే, ఫ్యాను రెక్కలు విరగలేదని, మట్టి పేరుకోలేదని, ఆయిలు సరిపడా ఉందని చూశాక మిగిలేది పంపు లోపలి అరుగుదల. తేలికపాటి లాన్ ట్రాక్టర్లలోని మూసిన పెట్టెల్లో కొన్నింటికి ఆయిలు వంచే ప్లగ్గు కూడా బయటికి ఉండదు, మొత్తం దించాలి. ఆ తరగతి బండికి కొత్త పెట్టె కొనే బదులు అమ్మేయడం మంచిది. బరువైన గార్డెన్ ట్రాక్టరు అయితే లెక్క వేరు. ఇంజను మంచిగా ఉంటే బాగుచేయించడం దండగ కాదు, అలాంటి చట్రం ఇవాళ కొత్తగా కొనాలంటే ధర చాలా ఎక్కువ.

## మీరు ఏ కోవలో ఉన్నారు?

అరెకరం చదును నేల, నెలకు రెండు మూడు సార్లు గడ్డి కోత మాత్రమే అయితే: శుభ్రం, సర్దుబాటు, ఐడ్లర్, మంచి బెల్టు. అంతకు మించి ఖర్చు కనిపిస్తే ఆగండి.

వాలు నేల, మట్టి బండి, మంచు తోసే పలక ఉన్నవారు బెల్టు ధరలో పొదుపు చేయవద్దు. వాలు మీద బెల్టు జారితే బండి ముందుకు పోదు, అది చిరాకు. కానీ క్లచ్, బ్రేకు ఒకే పెడల్ అయిన బండిలో సర్దుబాటు తప్పితే వెనక్కి దొర్లుతుంది, అది ప్రమాదం. మీకు బెల్టుతో సమానంగా బ్రేకు పరీక్ష కూడా ముఖ్యం.

పాత యంత్రాలంటే ఇష్టంతో కొన్నవారికి వీల్ హార్స్ మొదటి మెట్టు. విప్పడం సులువు. 1986లో ఆ కంపెనీని టోరో కొన్నా పాత భాగాలు ఇంకా దొరుకుతున్నాయి. చేయి తిరిగాక కబ్ క్యాడెట్.

తీరిక లేనివారు మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు బెల్టు మార్చండి అని అడగవద్దు. అలా అడిగితే అతను బెల్టే మారుస్తాడు. తోసి చూసినప్పుడు ఏం జరిగిందో, వేడెక్కాకే వస్తుందా, చల్లగా ఉన్నప్పుడూ ఉందా అన్నది చెప్పి, కారణం కనుక్కోమనండి. బండి మోసుకెళ్లడానికే వాళ్లు వేరే రుసుము తీసుకుంటారు కాబట్టి రెండోసారి పిలిచే అవసరం రాకుండా ఐడ్లర్, బోల్టు కూడా చూడమని ముందే చెప్పండి.

కొత్త బెల్టు వేశాక మొదటి రెండు మూడు గంటల పని తర్వాత ఒకసారి మూత తీసి చూడండి. కొత్తది కొద్దిగా సాగి గాడిలో సర్దుకుంటుంది, సర్దుబాటు నట్టు ఉన్న బండ్లలో అప్పుడు మళ్లీ బిగించాలి. పక్కనే నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటే ఇంకా ఎక్కడో రాసుకుంటోందన్నమాట. డిస్కు క్లచ్ బండిని చలికాలానికి లోపల పెట్టేటప్పుడు పెడల్ నొక్కి కదలకుండా కట్టేస్తే, వసంతంలో డిస్కు ప్లేటుకు అతుక్కుని ఉండదు.